రేకుల ఇంట్లో గేమింగ్ పీసీ: 65 వేల బడ్జెట్, గోదావరిఖని ఎండ

2024 దసరా వెళ్లిన వారంలో గోదావరిఖని నుంచి తండ్రీకొడుకులు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వచ్చారు. తండ్రి సింగరేణి కార్మికుడు. కంపెనీ ఇచ్చిన లాభాల వాటాలోంచి 65 వేలు పక్కన పెట్టుకున్నారు. అబ్బాయి అక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. నేను పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర పీసీలు అసెంబుల్ చేస్తుంటాను.

కూర్చోగానే తండ్రి ఫోన్ తీసి ఒక ప్రకటన చూపించారు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, రంగురంగుల లైట్ల క్యాబినెట్, మానిటర్‌తో సహా 28 వేలు.

"గిది 28 వేలే అంటున్నడు సార్. మావోడు 65 కావాలంటున్నడు. తేడా ఏంది?"

సరైన ప్రశ్న. అడగకుండానే కొనేసి, తర్వాత రిపేరుకు తెచ్చేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తారు. ఆ ప్రకటనలో రాసినవన్నీ నిజమే కావచ్చు. రాయనివే అసలు సంగతి. ఐ7 అన్నారు గానీ ఏ జనరేషనో చెప్పలేదు. కింద చిన్న అక్షరాల్లో హెచ్61 బోర్డు అని ఉంది. ఆ బోర్డులో కూర్చునేది రెండు, మూడో జనరేషన్ ప్రాసెసర్లే, అంటే 2011, 2012 నాటివి. ర్యామ్ డీడీఆర్3. విండోస్ 11కు కావాల్సిన జాబితాలో ఆ ప్రాసెసర్ లేదు. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, 2014లో వచ్చింది. అప్పుడు కూడా అది గేమ్స్ కోసం చేసిన కార్డు కాదు.

మరి 4 జీబీ సంగతేంటని అడిగారు. బాయిలో ఎన్ని టబ్బులు నిలబెట్టినా తవ్వే మనుషులు లేకపోతే బొగ్గు బయటికి రాదు కదా అన్నాను. మెమరీ టబ్బుల లెక్క, చిప్ మనుషుల లెక్క. ఆయనకు వెంటనే అర్థమైంది. ఆ తర్వాత మాట్లాడాల్సింది అబ్బాయితోనే.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 రోజూ ఆడతాడట. సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 ఆడాలని కోరిక. చదువుకు పైథాన్, ఆండ్రాయిడ్ స్టూడియో. "పీసీ ఎక్కడ పెడతావు?" అని అడిగితే "ఇంట్లనే అన్నా, ముందు గదిల" అన్నాడు. అది రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. పైన స్లాబా, రేకులా అని అడగలేదు. ఆ అడగకపోవడం తర్వాత ఎంత పని పెట్టిందో చెబుతాను.

మానిటర్ నుంచి మొదలు

చాలామంది ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నేను మానిటర్‌తో మొదలుపెడతాను. గ్రాఫిక్స్ కార్డు ఎన్ని చుక్కలు గీయాలో తేల్చేది అదే. 1440పీ స్క్రీన్ కొంటే 1080పీ కన్నా దాదాపు 78 శాతం ఎక్కువ పిక్సెల్స్. దానికి తగ్గ కార్డు కొంటే 65 వేలు ఎక్కడికీ చాలవు. అందుకని 24 అంగుళాల 1080పీ ఐపీఎస్, 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద ఫ్రేములు చూపించేది. 8,700 రూపాయలు. 165 హెర్ట్జ్‌ది ఇంకో రెండు వేలు ఎక్కువ చెప్పారు. ఆ రెండు వేలు నాకు ఇంకోచోట కావాలి.

ఆ స్క్రీన్‌కు సరిపోయే కార్డు ఏది? అబ్బాయి మనసులో ఆర్‌టీఎక్స్ 3050 ఉంది. ఆ పేరుతో రెండు రకాల పెట్టెలు కౌంటర్ మీద పక్కపక్కనే ఉంటాయని అతనికి తెలియదు. 2022లో వచ్చిన 8 జీబీ కార్డు ఒకటి. 2024లో వచ్చిన 6 జీబీ ఇంకొకటి. మెమరీ ఒక్కటే తగ్గించి ఉంటే బాగుండేది. కోర్లు 2560 నుంచి 2304కు, మెమరీ దారి 128 బిట్ నుంచి 96కు కూడా దించారు. కరెంటు 70 వాట్లే తింటుంది కాబట్టి పాత ఆఫీసు పీసీలకు పనికొస్తుంది. కొత్తగా పీసీ కట్టేవాళ్లు దాన్ని ఎందుకు తీసుకోవాలి?

నేను చూపించింది ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, 132 వాట్లు, ఒకే ఒక ఎనిమిది పిన్‌ల కేబుల్. మామూలు గేమింగ్‌లో 8 జీబీ 3050 కన్నా స్పష్టంగా ముందుంటుంది. ఆ రోజు మార్కెట్‌లో 20,400కు దొరికింది. ఒక ఇబ్బంది ఉంది, అది దాచకుండా చెప్పాను. ముందు ముందు మెషిన్ లెర్నింగ్ ఇంట్లోనే నేర్చుకోవాలనుకుంటే, ఆ పనికి ఎక్కువగా వాడే ఎన్విడియా వాళ్ల సాఫ్ట్‌వేర్ కుడా (CUDA) అందులో ఉండదు. ఆ పని గట్టిగా చేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పమన్నాను. కొంచెం ఆలోచించి, కాలేజీలో ఆ ల్యాబ్ ఉందన్నాడు. ప్రాక్టికల్స్‌కు క్లౌడ్‌లో ఉచితంగా దొరికేది చాలన్నాడు. అప్పుడు ఖాయం చేశాం.

పాత కార్డు తీసుకుంటే సగం ధరకే వస్తుంది కదా అని పక్క షాపు కుర్రాడు సలహా ఇచ్చాడు. 2022 సెప్టెంబర్‌లో, గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు మార్కెట్‌ను ముంచెత్తాయి. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో చాలావరకు 2304 కోర్ల అసలు కార్డులు కావు, 2048 కోర్లవి. నేను కూడా సెకండ్ హ్యాండ్ కార్డులు వేస్తాను, ఈ ఊళ్లోనే ఉండి, చెడితే మర్నాడు తీసుకొచ్చేవాళ్లకు. 200 కిలోమీటర్లకు పైగా రైల్లో వచ్చిన మనిషికి వారంటీ లేని వస్తువు అంటగట్టను.

ప్రాసెసర్, బోర్డు

ఇక్కడ పోటీ మూడింటి మధ్య. ఐ3-12100ఎఫ్ అందరికన్నా చవక, నాలుగు కోర్లతోనే బాగా పరిగెడుతుంది. కానీ గేమ్ వెనక డిస్కార్డ్, బ్రౌజర్, రికార్డింగ్ నడిపే అలవాటు ఈ అబ్బాయిది. రైజెన్ 5 5500కు ఆరు కోర్లున్నా ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ, 16 ఎంబీయే. రైజెన్ 5 5600కు 32 ఎంబీ. గేమ్స్‌లో ఆ క్యాష్ విలువ తెలుస్తుంది. 11,200 పెట్టి 5600 తీసుకున్నాం, కంపెనీ కూలర్‌తో సహా, మూడేళ్ల వారంటీ ఉన్న సీల్డ్ బాక్స్. బాక్స్ లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ వెయ్యి తక్కువకు ఇస్తామంటారు. ఆ వెయ్యితో పాటు వారంటీ కూడా పోతుంది.

ఏఎండీ కొత్త తరం సాకెట్ ఏఎం5 ఎందుకు వద్దన్నానని తర్వాత ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. దానికి డీడీఆర్5 తప్పనిసరి, బోర్డు ఖరీదు. మొత్తం మీద 12 వేలు ఎక్కువ తేలింది. ఆ 12 వేలు గ్రాఫిక్స్ కార్డులోంచి కోయాలి. ఆడేటప్పుడు కనబడేది కార్డే.

బోర్డు విషయంలో బీ550 వదిలి 5,900కు నాలుగు ర్యామ్ స్లాట్ల బీ450 తీసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డుకూ బోర్డుకూ మధ్య దారి అయిన పీసీఐఈ, బీ450లో 3.0 వరకే ఉంటుంది. 6600 ఎనిమిది లేన్ల కార్డు, 8 జీబీ మెమరీ ఉంది కాబట్టి దానికి పడే దెబ్బ చాలా స్వల్పం. అదే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే నాలుగే లేన్లు, 4 జీబీయే మెమరీ. పాత బోర్డులో పెడితే బాగా కుంటుతుంది.

ర్యామ్ 8 జీబీవి రెండు, 3200 స్పీడ్. ఒకటే 16 జీబీ కొని తర్వాత ఇంకోటి కలుపుకుంటానన్నాడు. వద్దన్నాను, రెండు దారుల రోడ్డు ఉంచుకుని ఒక్క దారిలోనే బండ్లు పంపినట్టవుతుంది. 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే, హార్డ్ డిస్క్ లేదు. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ దాటే రోజుల్లో 500 జీబీ ఏం సరిపోతుంది?

ఎస్‌ఎంపీఎస్

ఎస్‌ఎంపీఎస్ అంటే పీసీ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె. 65 వేల బడ్జెట్ తెచ్చినవాళ్లలో ఎక్కువమంది బేరం మొదలుపెట్టేది దీని దగ్గరే. బయటికి కనబడదు, గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా పెంచదు. 900 రూపాయలకే 450 వాట్లు అని రాసినది దొరుకుతుంటే 4,100 ఎందుకని తండ్రి అడిగారు. రెండూ తెప్పించి, లేబుళ్లు పక్కపక్కన పెట్టాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది 12 వోల్టుల లైన్ మీద. చవకదాని మీద 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192. పైన రాసిన 450లో ఈ పీసీకి పనికొచ్చేది ఆ 192 వాట్లే, అదీ లేబుల్ నిజం చెబితే. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్, కార్డు కలిసి ఆ గీతను సులువుగా దాటేస్తాయి.

తీసుకున్నది 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర). 12 వోల్టుల లైన్ మీదే దాదాపు మొత్తం శక్తి ఇస్తుంది. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయి. ఐదేళ్ల వారంటీ. నిజానికి మంచి 450 కూడా చాలేది. తేడా 400 రూపాయలే, రేపు కార్డు మార్చినా ఇది మార్చక్కర్లేదు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డును, కార్డును వెంట తీసుకెళ్లడం నా బల్ల మీద చాలాసార్లు చూశాను. అందుకే ఇక్కడ ఎవరి మాటా వినను.

అంత కచ్చితంగా ఉన్నవాణ్ణి క్యాబినెట్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడ్డాను. ముందువైపు అద్దం, మూడు ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ మీద అబ్బాయి కన్నేశాడు. అప్పటిదాకా నేను చెప్పిన ప్రతిదానికీ తలూపాడు, ఇదొక్కటి అడిగాడు. ముందు మెష్ (గాలి ఆడే జాలీ) ఉన్నది, అద్దం ఉన్నది రెండూ 3,300. సరేనన్నాను.

కీబోర్డు, మౌస్ 1,100. ర్యామ్ 3,500, ఎస్‌ఎస్‌డీ 5,100 కలుపుకుంటే వస్తువులన్నీ 63,300 అయ్యాయి. అసెంబ్లీకి నా వెయ్యి. 700 మిగిలాయి. విండోస్ లైసెన్స్ ఈ లెక్కలో లేదు. నేను క్రాక్ వేయను. యాక్టివేట్ చేయకుండా నడుపుకుని, వీలైనప్పుడు కొనుక్కోమన్నాను. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ జీఎస్టీ బిల్లు మీద రాయించాను. వారంటీ కోసం సర్వీస్ సెంటర్‌కు వెళ్తే అక్కడ మొదట అడిగేది ఆ కాగితమే.

షాపులో టెస్ట్, ఇంట్లో షాక్

ఆ సాయంత్రం బయోస్‌లో, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. అది చేయకపోతే ఆ ర్యామ్ 2400 దగ్గరే నడిచేది. విండోస్ 11లో వాలరెంట్‌కు టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కావాలి కాబట్టి అవీ ఆన్ చేశాను. మానిటర్‌ను సెట్టింగ్స్‌లో 100 హెర్ట్జ్‌కు మార్చాను. ఏళ్ల తరబడి 60 దగ్గరే వదిలేసిన మానిటర్లు ఎన్నో చూశాను. రెండు గంటలు లోడ్ పెట్టాను. షాపు ఏసీలో గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 74, గ్రాఫిక్స్ 66. సైబర్‌పంక్ హై సెట్టింగ్స్‌లో 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పైనే, వాలరెంట్ 300 దాటి పోతోంది. అందరం సంతోషించాం.

రైలు ప్రయాణానికి గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టి ఇచ్చాను. కార్డు బరువుకు స్లాట్ విరగడం ఇలాంటి ప్రయాణాల్లోనే జరుగుతుంది. మర్నాడు మొదటి ఫోన్: డిస్‌ప్లే రావట్లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డు వెనక పెట్టాడు. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డుకు మార్చగానే వచ్చింది.

రెండో ఫోన్ మాత్రం నన్ను నిలబెట్టేసింది. "అన్నా, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటాంది."

ఎర్తింగ్ లేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక వైరు లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు మలినాలను ఎర్త్‌కు పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి మీదుగా మెయిన్స్‌లో సగం వోల్టేజీ దాకా క్యాబినెట్ ఇనుము మీదికి వస్తుంది. కరెంటు తక్కువ కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది. అయినా దానితో బతకడం నేర్చుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత తవ్వించి, వైరు లాగించేదాకా స్విచ్ వేయొద్దన్నాను. మిగిలిన 700, ఇంకొంత కలిపి ఆ పని చేయించారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందట, దాని వెనక బటన్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్పించాను. ఆ మోడ్‌లో కరెంటు పోయినప్పుడు వేగంగా మారుతుంది, పీసీ రీస్టార్ట్ కాదు.

ఏప్రిల్

ఆర్నెల్లు ఏ ఫోనూ లేదు. 2025 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మూడింటికి ఫోన్: అరగంట ఆడేసరికి గేమ్ ఆగి ఆగి వస్తోంది. స్క్రీన్ ఫొటో పంపమన్నాను. ప్రాసెసర్ 90 డిగ్రీలు. 5600కు కంపెనీ పెట్టిన హద్దు అదే, అక్కడికి చేరగానే స్పీడ్ తగ్గించుకుంటుంది. గ్రాఫిక్స్ 82, ఆ చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు, హాట్‌స్పాట్, 98. గదిలో ఎంత ఉందని అడిగితే గోడ మీద థర్మామీటర్ చూసి 39 అన్నాడు.

"పైన ఏముంది?"

"రేకులన్నా."

పీసీ లోపలి వేడి గది వేడి మీద ఎక్కి కూర్చుంటుంది. నా షాపులో 25 దగ్గర 74 అంటే గది కన్నా 49 ఎక్కువ. 39కి 49 కలిపితే 88. దుమ్ము దానికి తోడు. ఆ కూడిక నేను అక్టోబర్‌లోనే చేయాల్సింది. రామగుండం, గోదావరిఖని వైపు వేసవిలో 45 దాటుతుందని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఏసీ గదిలో చూసిన అంకెను వాళ్ల గదికి అప్పజెప్పి పంపాను. ఈ కేసులో నా తప్పు అది, అద్దం క్యాబినెట్‌కు ఒప్పుకోవడం దాని వెంట వచ్చిన తప్పు.

ఏ భాగం దోషమో తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ ముందువైపు అద్దం ఊడదీసి అదే గేమ్ ఇరవై నిమిషాలు ఆడమన్నాను. 90 నుంచి 83కు దిగింది. అంటే కూలర్ చెడలేదు, థర్మల్ పేస్ట్ ఎండిపోలేదు. ఫ్యాన్లకు గాలి అందడం లేదు. అద్దం పక్కన వేలు దూరని సన్నటి సందు, దాని వెనక ఫిల్టర్. ఫిల్టర్ ఫొటో చూస్తే నల్లటి గుడ్డలా ఉంది. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము ఆర్నెల్లలో పేరుకుపోయింది.

డబ్బు పెట్టకుండా చేయగలిగినవి ముందు చేశాం. ఫిల్టర్ కడిగి ఆరబెట్టాడు. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోమన్నాను. ఎఫ్‌పీఎస్‌ను 100 దగ్గర ఆపాం. మానిటర్ చూపించేదే వంద, మిగతా రెండొందలు గదిని వేడి చేయడానికే. గ్రాఫిక్స్ ఫ్యాన్లు కొంచెం ముందే వేగం అందుకునేలా ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో మార్చాం. బయోస్‌లో ప్రాసెసర్ పవర్ లిమిట్ 76 వాట్ల నుంచి 60కి దించాం. ఆటలో తేడా అతనికి తెలియలేదు, వేడి మాత్రం వెంటనే తగ్గింది.

మే నెలకు అది చాలదు. క్యాబినెట్ నా ఖర్చుతో మార్చాను, ఈసారి ముందంతా మెష్. 1,600 పెట్టి వాళ్లు టవర్ కూలర్ కొన్నారు. రెండూ ఆర్టీసీ కార్గోలో పంపాను. వీడియో కాల్‌లో అబ్బాయే బిగించాడు. ఒక్క చోట నాకు టెన్షన్ పట్టుకుంది, పాత కూలర్ తీసేటప్పుడు. 5600 కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు గేమ్ ఆడి పేస్ట్ వేడెక్కాక షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, పైకి లాగకుండా కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పమన్నాను. ప్రాసెసర్ కదలకుండా కూలర్ ఒక్కటే వచ్చింది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి వచ్చేది ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ దారిలోనే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము లాగదు. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగాలి.

మే రెండో వారంలో, గది 40 ఉన్నప్పుడు పంపిన అంకెలు: ప్రాసెసర్ 76, గ్రాఫిక్స్ 74, హాట్‌స్పాట్ 88.

ఇప్పుడు నా కొటేషన్ పుస్తకంలో మొదటి గీత మీద బడ్జెట్ రాయను. ఊరు, గది, పైకప్పు, ఎర్తింగ్ రాస్తాను. షాపు టెస్ట్ ఏసీ ఆపేసి చేస్తాను. వచ్చిన అంకెకు గది తేడా కలిపి చూస్తాను.

ఈ కేసులోని ధరలు చూసి ఎవరూ లెక్క వేసుకోవద్దు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి. 3,500 పెట్టిన ఆ ర్యామ్ ఆ ధరకు దొరకడం కలే. సరిగ్గా అప్పుడే అబ్బాయి ఇంకో 16 జీబీ కలుపుకుందామని ఫోన్ చేశాడు, వాళ్ల నాన్న ఒప్పుకున్నారట. గేమ్, బ్రౌజర్, డిస్కార్డ్ అన్నీ తెరిచి టాస్క్ మేనేజర్ ఫొటో పంపమన్నాను. 11.8 జీబీ వాడుతోంది. అక్కర్లేదని చెప్పాను. ఆ డబ్బుతో విండోస్ లైసెన్స్ కొనుక్కున్నాడు.